పరదేశంలో పంతులు



కోలారు జిల్లాలో పుట్టిన తెలుగువాడికి పరభాష అంటే భయం తక్కువ. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, గని లైన్లలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేలోగా నాలుగు భాషలూ నాలుక మీద ఆడిపోతాయి. ముళబాగిలు సంతలో బేరం తెలుగులో మొదలై కన్నడంలో తెగుతుంది. ఉరిగాం, చాంపియన్ రీఫ్స్, మారికుప్పం ప్రాంతాల్లో గుడి గంట, చర్చి గంట, మసీదు బాంగు ఒకదాని తరువాత ఒకటి వినబడడం మనకు చిన్ననాటి నుంచి అలవాటే.

2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతబడ్డాయి. గనిలో చేతిపనితో బతికిన ఇళ్లలోని పిల్లలు అప్పటి నుంచి చదువునే నమ్ముకున్నారు. కొందరు రోజూ బెంగుళూరు రైలెక్కారు. కొందరు విదేశాల బాట పట్టారు. అలా విదేశాలకు పోయేవారికి ఎదురయ్యే ఉద్యోగాల్లో పంతులు ఉద్యోగం ఒకటి. క్రైస్తవ కుటుంబంలో పుట్టి, కాన్వెంటు బడిలో ఇంగ్లీషు చదువుకుని, థాయిలాండు వంటి బౌద్ధ దేశంలో పాఠాలు చెప్పవలసి వస్తే ఆ బతుకు ఎలా ఉంటుంది? పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడి బడిలో ఏం జరుగుతుంది? తన మతం తనకుండగా, వేరే మతం పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పడమెలా? ఈనాటి ప్రసంగంలో ఈ సంగతులు ముచ్చటించుకుందాం.

దీన్ని అర్థం చేసుకోవడానికి ముందొక మాట గుర్తు చేసుకోవాలి. మనవాళ్లు పరదేశానికి పంతుళ్లుగా పోకముందే, పరదేశపు క్రైస్తవ పంతుళ్లు మన దగ్గరికి వచ్చి ఉన్నారు. అప్పుడు మనం ఇంటివాళ్లం, వాళ్లు వచ్చినవాళ్లు. వాళ్లను మనం ఏ కళ్లతో చూశామో గుర్తు చేసుకుంటే, ఈనాడు మనల్ని ఎదుటివాళ్లు ఎలా చూస్తారో తెలిసిపోతుంది.

1876 నుంచి 1878 వరకు దక్షిణాదిని ఒక మహా కరువు కాల్చివేసింది. ధాత నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి దాన్ని మన పెద్దలు ధాత కరువు అన్నారు. 1871 లెక్కల్లో 50 లక్షలకు పైగా ఉన్న మైసూరు సంస్థానపు జనాభా 1881 నాటికి సుమారు 42 లక్షలకు పడిపోయింది. దీన్నిబట్టి ఎన్ని ఇళ్లు ఆరిపోయాయో ఊహించుకోవచ్చు. ఆ రోజుల్లో కోలారులో మిస్ ఆన్‌స్టీ అనే ఇంగ్లీషు మహిళ తల్లీతండ్రీ పోయిన పిల్లలను చేరదీసి అనాథాశ్రమం నడిపింది. 1890లో ఆమె ఆ పనిని అమెరికన్ మెథడిస్టు మిషనుకు అప్పగించింది. వాళ్లు దాన్ని పెంచి, చదువుతో పాటు చేతిపనులు కూడా నేర్పారు. 1910లో కోలారులో ఒక ఆసుపత్రి వెలసింది. ఎల్లెన్ థోబర్న్ కోవెన్ స్మారక ఆసుపత్రి అన్న పేరు మన ప్రాంతంలో చాలామందికి తెలిసినదే. ఆ ఎల్లెన్ గారి సోదరి ఇసబెల్లా థోబర్న్ కూడా పంతులమ్మే. 1870లో లక్నో బజారులో ఆరుగురు ఆడపిల్లలతో బడి పెట్టిన మనిషి ఆవిడ. ఆ బడే తరువాత కాలేజీ అయింది.

సరిహద్దుకు అవతల మదనపల్లెలో జేకబ్ చేంబర్లేన్ అనే అమెరికన్ 1863లో కాపురం పెట్టారు. ఆయన వైద్యుడు, బోధకుడు కూడా. తెలుగు నేర్చి, తెలుగు బైబిలు సవరణలో పాలుపంచుకుని, 1908లో ఆ మదనపల్లెలోనే కన్నుమూశారు. ఇంకా తూర్పుకు పోతే మచిలీపట్నం. అక్కడికి 1841లో రాబర్ట్ నోబుల్ అనే ఆంగ్లేయుడు వచ్చారు. వచ్చీ రాగానే బడి తెరవలేదు. ముందు తెలుగు నేర్చుకున్నారు. 1843లో బడి తెరిచారు. పెళ్లి చేసుకోలేదు. 24 ఏళ్లలో ఒక్కసారి కూడా స్వదేశానికి పోలేదు. 1864 నాటి ఘోరమైన ఉప్పెనను కళ్లారా చూసి, ఆ మరుసటేడు మచిలీపట్నంలోనే ప్రాణం వదిలారు. ఆయన పేరిటనే నోబుల్ కాలేజీ వెలసింది.

వీళ్లందరి జీవితాల్లోనూ ఒక వరుస కనబడుతుంది. మొదట భాష, తరువాత మర్యాద, ఆ తరువాత నమ్మకం. ఈ మూడూ నేర్చుకున్న తరువాతే వాళ్లు పాఠం చెప్పగలిగారు. పంతులుగా వచ్చినవాడు ముందు విద్యార్థిగా కూర్చోవలసి వచ్చింది. ఈనాడు థాయిలాండు పోయే మన పంతులుదీ అదే వరుస. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది భాష.

మన దేశానికి వచ్చిన ఆ తెల్లవాళ్లకు మున్షీ పాఠాలు చెప్పేవాడు. పొద్దున్నే వరండాలో కూర్చుని అ, ఆలు దిద్దవలసిందే. ట, త తేడా, ళ, ల తేడా పలకలేక అవస్థ పడేవాళ్లు. మన అవ్వలు వాళ్ల తెలుగు విని నవ్వుకున్న కథలు ఊరూరా ఉండే ఉంటాయి. ఆర్డెన్ అనే మిషనరీ 1873లో అచ్చు వేయించిన తెలుగు వ్యాకరణం ఇటువంటి వాళ్ల కోసమే. పుస్తకాల తెలుగు ఒకటి, వీధి తెలుగు ఒకటి అని అందులో రెంటినీ చెప్పవలసి వచ్చింది. కోలారుకు వచ్చినవాళ్లకు అదీ చాలదు. కన్నడం కావాలి, తెలుగూ కావాలి. గనుల వైపు పోతే తమిళం లేకుండా పని జరగదు.

థాయి భాషలో మనవాళ్లకు ఎదురయ్యే చిక్కు వేరు. మన భాషలో మాటను ఏ స్వరంలో అన్నా అర్థం మారదు. థాయిలో 5 స్వరాలున్నాయి. ‘మా’ అని సమంగా అంటే రావడం. గొంతు పైకి లేపి అంటే కుక్క. మొదటి నుంచీ ఎత్తుగా పలికితే గుర్రం. ‘ఖావ్’ అన్న మాట స్వరాన్ని బట్టి అన్నమూ అవుతుంది, తెలుపూ అవుతుంది, వార్త కూడా అవుతుంది. కొత్తగా వెళ్లిన పంతులు పిల్లవాణ్ణి రమ్మని పిలవబోయి కుక్క అంటే తరగతి అంతా గొల్లుమంటుంది. ఆ నవ్వుకు చిన్నబుచ్చుకోకూడదు. నవ్వించిన పంతులును పిల్లలు త్వరగా దగ్గరికి తీసుకుంటారు.

చిక్కు ఎంత ఉన్నదో చుట్టరికమూ అంత ఉంది. ఉపాధ్యాయుణ్ణి థాయిలో ‘ఖ్రూ’ అంటారు. అది మన గురువే. కాలేజీలో చెప్పేవారిని ‘ఆచాన్’ అంటారు. అది ఆచార్యుడు. ‘ఫాసా’ భాష, ‘నఖోన్’ నగరం. అయుత్థయ అంటే అయోధ్య. వాళ్ల రామాయణం పేరు రామకియన్. బ్యాంకాకులో 2006లో ప్రారంభమైన పెద్ద విమానాశ్రయం పేరు సువర్ణభూమి. బంగారు గడ్డ నుంచి పోయినవాడు బంగారు గడ్డ మీదనే దిగుతాడన్నమాట. వాళ్లు చెప్పే ‘సవత్ దీ’ అన్న పలకరింపు స్వస్తి అన్న సంస్కృత పదం నుంచి వచ్చింది. వాళ్ల లిపి కూడా దక్షిణ భారతపు పాత లిపుల వంశమే. అందుకే క, ఖ, గ, ఘ వరుస తెలిసినవాడికి థాయి అక్షరమాల మరీ పరాయిగా ఉండదు.

మరొక సంగతి. మనం ‘రండి’, ‘కూర్చోండి’ అని మాట చివర మర్యాద తగిలించినట్లు, వాళ్లు ప్రతి మాట చివరా మగవాళ్లయితే ‘ఖ్రప్’ అనీ, ఆడవాళ్లయితే ‘ఖా’ అనీ చేరుస్తారు. ఆ ఒక్క అక్షరం మరిచిపోతే మొరటుగా వినిపిస్తుంది. అలాగే ‘అన్నం తిన్నారా’ అన్నది అక్కడా క్షేమ సమాచారమే. ‘కిన్ ఖావ్ రూ యాంగ్’ అని ఎవరైనా అడిగితే భోజనానికి పిలిచారని అనుకోనక్కరలేదు. మన వీధిలో ‘అన్నం తింటివా నాయనా’ అన్నట్లే.

రెండవది మర్యాద. పుస్తకంలో చదివితే వచ్చేది కాదిది, చూసి నేర్చుకోవాలి.

థాయి బడిలో రోజు ఎలా గడుస్తుందో చూద్దాం. పొద్దున ఏడున్నరకే పంతుళ్లు గేటు దగ్గర నిలబడతారు. వచ్చే ప్రతి పిల్లవాడూ రెండు చేతులు జోడించి తల వంచుతాడు. దీన్ని ‘వాయ్’ అంటారు. మన నమస్కారమే. అయితే ఎవరికి ఎంత ఎత్తులో చేతులు జోడించాలన్నదానికి లెక్క ఉంది. స్నేహితుడికి ఛాతీ దగ్గర, గురువుకు ముక్కు దాకా, బౌద్ధ భిక్షువుకు నొసలు దాకా. పిల్లవాడు ముందుగా వాయ్ చేస్తాడు, పంతులు బదులిస్తాడు. తొందరపడి పంతులే ముందు చేస్తే పిల్లవాడు కంగారు పడిపోతాడు.

సరిగ్గా 8 గంటలకు దేశమంతటా జాతీయ గీతం మోగుతుంది. బడి మైదానంలో పతాకం ఎగురుతుంది. తరువాత బౌద్ధ ప్రార్థన. బుద్ధుడికి, ధర్మానికి, సంఘానికి నమస్కారం చెప్పే పాళీ వాక్యాలు పిల్లలు కలిసి చదువుతారు. ఈ సమయంలో క్రైస్తవ పంతులు ఏం చేయాలి? నోరు కలపమని ఎవరూ బలవంతపెట్టరు. చేతులు కట్టుకుని, మాట్లాడకుండా, కదలకుండా నిలబడితే చాలు. అక్కడ నిలబడి ఫోను చూసుకోవడం, పక్కవారితో గుసగుసలాడడం మాత్రం పెద్ద తప్పు. కోలారులో పండుగనాడు ఊరేగింపు పోతుంటే వేరే మతం పెద్దమనిషి అరుగు దిగి నిలబడతాడు కదా, అదే మర్యాద.

తరగతి గది బయట చెప్పులు వరసగా ఉంటాయి. లోపల పాదం ఎవరివైపూ చాచకూడదు. పాదంతో దేన్నీ చూపించకూడదు, తోయకూడదు. పుస్తకం మీదుగా దాటకూడదు. తల పవిత్రమైనది కాబట్టి పెద్దవాళ్ల తల తాకడం అపచారం. ఇవన్నీ విన్నప్పుడు ‘మా అవ్వ చెప్పినవే కదా’ అనిపిస్తుంది. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే ఇంట్లో పెరిగినవాడు అమెరికన్ పంతులు కన్నా ముందే ఇక్కడ ఉత్తీర్ణుడవుతాడు.

రాజు విషయం మరీ జాగ్రత్తగా ఉండవలసినది. రాజును గాని, రాణిని గాని, సింహాసన వారసుణ్ణి గాని అవమానిస్తే అక్కడి శిక్షాస్మృతి 112వ సెక్షను ప్రకారం 3 నుంచి 15 ఏళ్ల జైలు శిక్ష ఉంది. రాజుగారి బొమ్మ ఉన్న నోటు కింద పడితే కాలితో అదిమి ఆపడం కూడా కూడదు. తరగతిలోనే కాదు, టీ అంగడిలో కూడా ఆ చర్చ ఎత్తకపోవడం మేలు.

థాయివారి గుణం ఒకటి మనకు బాగా అర్థమవుతుంది. ‘క్రేంగ్ చాయ్’ అంటారు. దానికి ఇంగ్లీషులో సరైన మాట దొరకదని తెల్ల పంతుళ్లు తలలు పట్టుకుంటారు. మనకు చిటికెలో తెలుస్తుంది. అది మొహమాటం. ఎదుటివారిని ఇబ్బంది పెట్టకూడదన్న బెరుకు. పాఠం అర్థమైందా అని అడిగితే తరగతి అంతా తల ఊపుతుంది. అర్థం కాలేదంటే పంతులు నొచ్చుకుంటారేమోనన్న మొహమాటం అందులో ఉంది. కాబట్టి అందరి ముందూ ఒక్కణ్ణి లేపి ప్రశ్న వేసి నిలదీయడం అక్కడ పనికిరాదు. పంతులు బల్లల మధ్య తిరుగుతూ నోటుబుక్కు చూసి, మెల్లగా తెలుసుకోవాలి. కోపంతో అరిచిన పంతులు అక్కడ పరువు పోగొట్టుకుంటాడు. తప్పు పిల్లవాడిదైనా సరే.

పిల్లల పేర్లు కూడా ఒక వినోదం. రికార్డులో పేరు చాంతాడంత ఉంటుంది. పిలుపు పేరు మాత్రం ఒక్క అక్షరం. ‘లెక్’ అంటే చిన్న, ‘నొక్’ అంటే పిట్ట, ‘కుంగ్’ అంటే రొయ్య, ‘మూ’ అంటే పంది. పంది అని పిలిస్తే ఏమనుకుంటారోనని మనం జంకుతాం. ఆ పిల్ల మాత్రం నవ్వుతూ పలుకుతుంది. మన చిన్నీ, బుజ్జీ, పండూ లాంటివే అవి.

భోజనం దగ్గర మాత్రం కోలారువాడికి కొంత కష్టం. రాగి సంకటి ఊసే ఉండదు. కరివేపాకు, ఆవాల తిరగమోత వాసన తగలదు. దాదాపు ప్రతి కూరలో చేపల ఉప్పురసం పడుతుంది. శాకాహారికి ఇది పెద్ద చిక్కు. అయితే చింతపండు, పచ్చిమిరప, కొబ్బరిపాలు అన్నీ ఉన్నాయి. కారంలో వాళ్లు గుంటూరుకు తీసిపోరు. అన్నం చెంచాతో తింటారు, ఫోర్కుతో చెంచాలోకి తోసుకుంటారు. ఉత్తరాదిన, ఈశాన్యంలో జిగట బియ్యపు అన్నాన్ని చేత్తో ముద్ద చేసి అద్దుకుని తింటారు. సంకటి ముద్ద అలవాటున్న చేతికి అది సులువే. బ్యాంకాకులో ఉండేవాళ్లకు ఫాహురత్ బజారులో మన మసాలా దినుసులు దొరుకుతాయి. సీలోం వీధిలో తమిళులు కట్టిన మారియమ్మ గుడి ఉంది.

ఆ గుడిని అక్కడివాళ్లు ‘వత్ ఖేక్’ అంటారు. ‘ఖేక్’ అన్న మాటకు అసలు అర్థం అతిథి. వాడుకలో భారతీయులనూ, పడమటి నుంచి వచ్చిన తదితరులనూ అలాగే పిలుస్తారు. కొన్నిసార్లు ఆ మాటలో చులకన కూడా ధ్వనిస్తుంది. ఇంగ్లీషు చెప్పడానికి తెల్ల ముఖమే కావాలనే యాజమాన్యాలు కొన్ని ఉన్నాయి. ఎంత బాగా ఇంగ్లీషు వచ్చినా ‘మీది మాతృభాష కాదు కదా’ అన్న ప్రశ్న ఎదురవుతుంది. జీతంలోనూ తేడా ఉండవచ్చు. ఇది కలవరపెట్టే సంగతే. ముందే తెలిసి వెళితే నొప్పి తక్కువ. పాఠం బాగుంటే పిల్లల మనసులో ముఖం రంగు మిగలదు. లెక్కలు, సైన్సు ఇంగ్లీషులో చెప్పగలిగిన భారతీయ పంతుళ్లకు మంచి పేరే ఉంది.

ఇక మూడవది నమ్మకం. అన్నిటికన్నా కష్టమైనదీ, విలువైనదీ ఇదే.

మచిలీపట్నం మాట మళ్లీ తలుచుకుందాం. నోబుల్ గారి బడిలో ఇంగ్లీషు, లెక్కలతో పాటు బైబిలు కూడా చెప్పేవారు. దాన్ని ఆయన దాచలేదు. అయినా పెద్దకులాల వాళ్లు పిల్లలను పంపారు. 1852లో ఇద్దరు విద్యార్థులు క్రైస్తవం పుచ్చుకున్నారు. పట్నం అట్టుడికిపోయింది. తల్లిదండ్రులు పిల్లలను మాన్పించారు, బడి ఖాళీ అయింది. మళ్లీ పిల్లలు రావడానికి కాలం పట్టింది. కరువునాటి అనాథాశ్రమాల మీద కూడా అదే విమర్శ ఉంది. ఆకలి మీద ఉన్న పిల్లలకు అన్నం పెట్టి మతం మార్చారని ఒకరంటారు. ఆ అన్నమే లేకుంటే ఆ పిల్లలు బతికి ఉండేవారా అని మరొకరు అడుగుతారు. ఈ వాదం ఇంకా తెగలేదు. ఒకటి మాత్రం స్పష్టం. పిల్లవాణ్ణి బడికి పంపడమంటే తల్లిదండ్రులు తమ ప్రాణాన్ని పంతులు చేతిలో పెట్టడం. ఆ నమ్మకానికి పంతులు ఏ మతం వాడైనా జవాబుదారుడే.

సరిగ్గా ఆ కాలంలోనే థాయిలాండులో, అంటే ఆనాటి సయాములో, ఇదే ప్రశ్న వచ్చింది. డాన్ బీచ్ బ్రాడ్లీ అనే అమెరికన్ వైద్యుడు 1835లో బ్యాంకాకు చేరారు. మశూచికి టీకాలు వేశారు. థాయి అక్షరాలతో అచ్చుయంత్రం నడిపారు. 1844లో థాయి భాషలో తొలి వార్తాపత్రిక వెలువరించారు. 1873లో అక్కడే పోయారు. ఆయన మాట విని మతం మారినవాళ్లు బహు తక్కువ. ఆయన చేసిన అచ్చు పనీ, వైద్యం పనీ మాత్రం ఆ దేశానికంతటికీ ఉపయోగపడ్డాయి.

1862లో సయాము రాజు మొంగ్‌కుట్ తన పిల్లలకు ఇంగ్లీషు చెప్పడానికి ఆనా లియోనోవెన్స్ అనే పంతులమ్మను పిలిపించారు. ఈవిడ పుట్టింది మన దేశంలోనే, మహారాష్ట్రలోని అహ్మద్‌నగరులో, 1831లో. రాజుగారు ఉద్యోగానికి పిలుస్తూనే షరతు పెట్టారు. ఇంగ్లీషు భాష, శాస్త్రం, సాహిత్యం చెప్పాలి, మతం మార్చే ప్రయత్నం చేయకూడదు. రాజుగారు స్వయంగా 27 ఏళ్లు భిక్షువుగా ఉన్న మనిషి. క్రైస్తవ బోధకులతో స్నేహం చేసి, వాళ్ల దగ్గర ఇంగ్లీషు, ఖగోళశాస్త్రం తెలుసుకున్న మనిషి కూడా. చదువు కావాలి, పిల్లల మనసు మాత్రం మాది అన్నది ఆయన మాటలోని సారాంశం. ఆనా 1867 వరకు అక్కడ పనిచేసింది. తరువాత అమెరికాలో రాసిన పుస్తకాల్లో రాజభవనాన్ని గురించి రంగులు పూసి చెప్పిందని థాయివారి బాధ. ఆ కథ మీద తీసిన 1956 నాటి సినిమాను థాయిలాండులో నిషేధించారు. అన్నం పెట్టిన ఊరిని గురించి వెనక్కి వెళ్లి ఏం చెప్పామన్నది కూడా నమ్మకంలో భాగమే.

ఉత్తరాన చియాంగ్ మైలో 1867లో డేనియల్ మెక్‌గిల్వరీ అనే అమెరికన్ బోధకుడు స్థిరపడ్డారు. 1869లో అక్కడి పాలకుడు ఇద్దరు స్థానిక క్రైస్తవులను చంపించాడు. 1878లో మతసహనాన్ని ప్రకటిస్తూ శాసనం వచ్చింది. తరువాత బడులు పెరిగాయి. 1852లో మొదలైన చిన్న బడి బ్యాంకాక్ క్రిస్టియన్ కాలేజీ అయింది. 1885లో అసంప్షన్ కాలేజీ వచ్చింది. 1901 నుంచి దాన్ని నడుపుతున్నది సెయింట్ గాబ్రియేలు బ్రదర్లు. హైదరాబాదులో లిటిల్ ఫ్లవర్ బడి నడిపేదీ ఆ సంస్థవారే. థాయిలాండులో క్రైస్తవులు నూటికి ఒకరు. క్రైస్తవ బడుల్లో చదివే పిల్లలు మాత్రం ఎక్కువ మంది బౌద్ధులే. మంచి చదువు, క్రమశిక్షణ దొరుకుతాయని తల్లిదండ్రులు పంపుతారు. మన కోలారు కాన్వెంటుల్లో హిందూ, ముస్లిం పిల్లలు చదువుకున్నట్లే.

ఈనాటి పంతులు ఏం చేయాలి? అక్కడి రాజ్యాంగం మత స్వేచ్ఛ ఇస్తుంది. రాజు బౌద్ధుడు, అన్ని మతాలకూ పోషకుడు అని అందులో రాసి ఉంది. ఆదివారం చర్చికి పోవచ్చు, మెడలో శిలువ వేసుకోవచ్చు. పిల్లలు ‘ఖ్రూ, మీ పండుగ ఏమిటి’ అని అడిగితే చెప్పవచ్చు. అడగకుండా తరగతి గదిని ప్రార్థన మందిరం చేయకూడదు. మార్కులను, మెప్పును మతంతో ముడిపెట్టకూడదు. మత ప్రచారకులకు అక్కడ వేరే వీసా ఉంది. పంతులు వీసా పాఠం చెప్పడానికే ఇస్తారు.

డిసెంబరు 25 అక్కడ ప్రభుత్వ సెలవు కాదు. క్రైస్తవ బడుల సంగతి వేరు, మిగతా బడుల్లో క్రిస్‌మస్ నాడు పంతులు పాఠం చెప్పవలసిందే. మాఘ పూజ, విశాఖ పూజ, ఆషాఢ పూజ రోజుల్లో సెలవు. ఇంటి నుంచి కేకు వాసన ఫోనులో రాదు కదా. ఆ రోజు మనసు బరువెక్కుతుంది. అయితే పిల్లలే పంతులు కోసం రంగు కాగితాలతో చెట్టు చేసి తెచ్చే బడులూ ఉన్నాయి. వాళ్ల సోంగ్‌క్రాన్ పండుగ ఏప్రిల్ 13న వస్తుంది. పేరు సంక్రాంతి నుంచి వచ్చినదే. ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకుంటారు, పెద్దల చేతుల మీద సుగంధ జలం పోసి ఆశీస్సులు తీసుకుంటారు. కార్తీక పున్నమికి దగ్గరగా నదిలో దీపాలు వదులుతారు. పిలిస్తే వెళ్లాలి, పక్కన నిలబడాలి. స్నేహానికి వెళ్లడం వేరు, పూజ చేయడం వేరు అన్న తేడా థాయివారికి బాగా తెలుసు.

ఈ మర్యాద ఎంత లోతైనదో ‘వాయ్ ఖ్రూ’ అనే వేడుకలో చూడాలి. బడి సంవత్సరం మే నెలలో మొదలవుతుంది. తొలి వారాల్లో ఒక గురువారం నాడు గురువులకు వందనం చేస్తారు. గురువారమే ఎందుకు? బృహస్పతి వారం కాబట్టి. థాయిలో ఆ వారం పేరు కూడా బృహస్పతి మీదనే ఉంది. పిల్లలు పళ్లెంలో మూడు వస్తువులు తెస్తారు. గరిక, నూరువరహాల పువ్వు, వంకాయ పువ్వు. గరిక ఎంత తొక్కినా మళ్లీ చిగురిస్తుంది, అది ఓర్పు. నూరువరహాల మొగ్గ సూదిలా ఉంటుంది, అది చురుకైన బుద్ధి. వంకాయ పువ్వు కాయ కట్టేటప్పుడు తల వంచుతుంది, అది వినయం. పిల్లలు మోకాళ్ల మీద వచ్చి ఆ పళ్లెం పంతులు చేతికి అందించి తల నేలకు ఆనిస్తారు. తన ముందు మనుషులు మోకరిల్లడం క్రైస్తవ పంతులుకు మొదట ఇబ్బందిగా ఉండవచ్చు. అది దేవుడికి చేసే పూజ కాదని, చదువుకు చేసే వందనమని తెలుసుకుంటే ఆ ఇబ్బంది పోతుంది. ఆ పళ్లెం అందుకున్న పంతులు ఆ ఏడాదంతా ఒళ్లు దగ్గర పెట్టుకుని పాఠం చెప్పవలసిందే.

చివరగా, వెళ్లదలచినవారికి కొన్ని మాటలు. డిగ్రీ ఉండాలి. ఉద్యోగానికి తగిన వీసా, పని అనుమతి పత్రం, ఖురుసభ అనే ఉపాధ్యాయ మండలి అనుమతి కావాలి. 90 రోజులకొకసారి అక్కడి అధికారులకు చిరునామా తెలపాలి. యాత్రికుడి వీసా మీద పోయి ఉద్యోగం చేయవచ్చని ఏ ఏజెంటు చెప్పినా నమ్మవద్దు. థాయిలాండులో కంప్యూటరు ఉద్యోగమని పిలిచి, సరిహద్దు దాటించి మయన్మారులోని మోసపు ముఠాలకు అప్పగించిన సంఘటనలు జరిగాయి. 2022లోనే మన విదేశాంగ శాఖ దీని మీద హెచ్చరిక జారీ చేసింది. 2025లో వందలమంది భారతీయులను ప్రభుత్వం విమానాల్లో వెనక్కి తీసుకువచ్చింది. బడి పేరు, ఊరు, ఒప్పంద పత్రం చేతికి వచ్చి, ఏజెంటు ప్రభుత్వం వద్ద నమోదైనవాడేనని తేల్చుకున్నాకే టిక్కెట్టు కొనాలి. అక్కడ తేదీ చూసి కంగారు పడకండి. వాళ్లు బౌద్ధ శకం వాడతారు. మన సంవత్సరానికి 543 కలపాలి. మన గనులు మూతబడిన 2001 వాళ్లకు 2544.

శ్రోతలారా, కోలారు మట్టి మీద ఇంగ్లీషువారూ, అమెరికన్లూ, ఇటాలియన్లూ, తమిళులూ వచ్చి బతికారు. ఎవరు మన మాట నేర్చుకున్నారో, ఎవరు మన గడప దగ్గర చెప్పులు విడిచారో, వాళ్లను మనం గుర్తు పెట్టుకున్నాం. ఇప్పుడు మన పిల్లలు వేరే వారి గడప దగ్గర నిలబడుతున్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, లైన్లలో తమిళం మాట్లాడి పెరిగిన పిల్లలకు ఈ విద్య సగం వచ్చే ఉంది. మిగతా సగం అక్కడి పిల్లలే నేర్పుతారు.